ఆముదంతో ఎగిరిన యుద్ధవిమానాలు

తలకు మర్దనా చేసుకునే ఆముదం మనకు తెలుసు. పసిపిల్లల మాడుకు పెట్టే ఆముదం, కడుపు శుభ్రం కావడానికి ముక్కు మూసి తాగించే ఆముదం తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ఆకాశంలో తలపడిన ఫైటర్ విమానాల్లో చాలావాటికి ఇంజన్ ఆయిల్ కూడా ఆముదమే. యుద్ధం ముగిసి వందేళ్లు దాటినా, ఆ కాలపు ఇంజన్లను ఇప్పటికీ ఆముదం పోసి తిప్పే చోటు ఒకటుంది. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్ అనే పల్లె పక్కన పచ్చిక మైదానం, దాని అంచున హ్యాంగర్లు. అదే షటిల్‌వర్త్ కలెక్షన్.

రిచర్డ్ షటిల్‌వర్త్ సంపన్న కుటుంబంలో పుట్టి, కార్లంటే పడి చచ్చిన కుర్రాడు. 1935లో డోనింగ్టన్ గ్రాండ్ ప్రీ పందెం గెలిచాడు. ఎవరికీ పనికిరాక కొట్టాల్లో మూలుగుతున్న తొలితరం విమానాలను కొని, బాగుచేసి ఎగరేయడం అతని సరదా. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరి, 1940 ఆగస్టులో శిక్షణ విమానం కూలి 31 ఏళ్లకే చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు పేరు నిలవాలని తల్లి డొరొతీ 1944లో ట్రస్టు పెట్టింది. అక్కడి సంగ్రహంలో 1909 నాటి బ్లేరియో విమానం మొదలుకొని స్పిట్‌ఫైర్ దాకా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఎగురుతాయి.

ఇలాంటి మ్యూజియాల్లో ప్రదర్శనకు రెండు భాగాలుంటాయి. ఇంజినీరో, పైలటో విమానం పక్కన నిలబడి దాని సంగతులు విడమరిచి చెబుతారు. తర్వాత అది ఎగురుతుంది, మైకులో వ్యాఖ్యానం సాగుతుంది. చెప్పింది విన్నాక ఎగరడం చూస్తే, అప్పటిదాకా వింతగా కనిపించిన ప్రతి చేష్టకూ ఒక కారణం కనిపిస్తుంది. ఈ విమానాలు చేసే చప్పుడు, వదిలే పొగ, తీసుకునే వంపు, దిగేటప్పుడు పడే తడబాటు, అన్నీ భౌతికశాస్త్రమే.

ఇంజనే గిరగిరా తిరిగితే

సోప్‌విత్ పప్ అనే చిన్న ఫైటర్‌ను తీసుకుందాం. 1916లో యుద్ధానికి వచ్చింది. చెక్క చట్రం, దాని మీద నారబట్ట, ఆ బట్ట బిగుసుకుపోయేలా పూసిన వార్నిష్ లాంటి పూత. దీన్ని డోప్ అంటారు. ఇంధనం నింపి, పైలట్ కూర్చున్నా మొత్తం బరువు 560 కిలోలు దాటదు. ముక్కు దగ్గర 80 అశ్వశక్తి లే రోన్ ఇంజను, గుండ్రంగా పేర్చిన 9 సిలిండర్లు.

మామూలు ఇంజన్లో సిలిండర్లు కదలవు, లోపలి క్రాంక్ షాఫ్టు తిరుగుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. క్రాంక్ షాఫ్టును విమానానికి బిగించేశారు. తిరిగేది సిలిండర్లతో సహా ఇంజను మొత్తం, దాంతోపాటు దానికి బిగించిన ప్రొపెల్లర్. అందుకే దాన్ని రోటరీ ఇంజను అన్నారు. ఫ్రాన్స్‌లో సెగ్విన్ సోదరులు 1908లో నోమ్ పేరుతో తెచ్చిన ఈ పద్ధతి ఆరేడేళ్లు విమానయానాన్ని ఏలింది.

ఇంత వింత ఏర్పాటు ఎందుకంటే, ఆనాటి ఇంజన్లకు పెద్ద జబ్బు వేడి. నీటితో చల్లబరచాలంటే రేడియేటరు, గొట్టాలు, నీళ్లు, అంతా బరువు. సిలిండర్లే నిమిషానికి పన్నెండు వందల చుట్లు తిరుగుతుంటే గాలి వాటంతట అదే వచ్చి తగులుతుంది. పైగా తిరిగే ఇంజనే ఫ్లైవీల్‌గా పనిచేస్తుంది కాబట్టి దడదడ తగ్గి, నడక నున్నగా ఉంటుంది. సిలిండర్లు తొమ్మిది కావడానికీ కారణం ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకొకసారి మండుతుంది. బేసి సంఖ్యలో ఉంటే ఒకటి విడిచి ఒకటి చొప్పున 1, 3, 5, 7, 9, 2, 4, 6, 8 వరసలో సమాన వ్యవధితో మండించవచ్చు. సరిసంఖ్యలో అలా కుదరదు.

ఆముదమే ఎందుకు?

తిరిగే సిలిండర్లకు పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని అందించడం ఎలా? బోలుగా ఉన్న క్రాంక్ షాఫ్టు గుండా ఇంజను పొట్టలోకి పంపి, అక్కడి నుంచి సిలిండర్లకు చేర్చారు. లే రోన్ ఇంజను మీద మెరుస్తూ కనిపించే రాగి గొట్టాలు ఆ పనికే. కానీ కందెన ఉండేదీ ఆ పొట్టలోనే. ఖనిజ తైలం పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది, లోహం మీద లోహం రాసుకుని ఇంజను పట్టేస్తుంది.

ఆముదం వేరే జాతి నూనె. అందులోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు 85 నుంచి 90 శాతం దాకా రిసినోలియిక్ ఆమ్లమే. దాని అణువు మధ్యలో ఒక హైడ్రాక్సిల్ సమూహం అతుక్కుని ఉంటుంది. వంటనూనెల్లో ఇది దాదాపు కనబడదు. ఈ ఒక్క అతుకు వల్ల ఆముదం అంత చిక్కగా ఉంటుంది, వేడిలోనూ లోహాన్ని వదలదు, పెట్రోలులో సులువుగా కరగదు. ఖనిజ తైలం ఓడిపోయిన చోట అది నిలబడింది.

అయితే పోసిన నూనె తిరిగి రాదు. సిలిండర్లతో పాటు తిరుగుతూ అపకేంద్ర బలానికి బయటికి తోసుకొచ్చి, కొంత కాలి పొగగా, కొంత కాలకుండానే తుంపరగా వెనక్కి కొడుతుంది. గంటకు లీటర్ల కొద్దీ ఖర్చు. ఇంజను మొదలవగానే లేచే నీలి పొగ, కొద్దిసేపటికే రెక్కల మీదా పొట్ట మీదా పరుచుకునే జిడ్డు అదే. నేలకు దిగాక మెకానిక్కులు గుడ్డలు పట్టుకుని విమానమంతా తుడవాల్సిందే, లేకపోతే ఆముదం గాలికి ఎండి బంకలా పట్టుకుంటుంది. యుద్ధకాలంలో పైలట్లు ఆ తుంపర గంటల తరబడి పీల్చారు, మింగారు. ఆముదం పొట్టలోకి వెళ్తే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో వానమీద ఆధారపడి తరతరాలుగా పండించిన ఆముదాలకు ప్రపంచ యుద్ధంలో ఇంత గిరాకీ ఉండేదని మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. ప్రపంచానికి ఆముదం అందించే దేశాల్లో అప్పుడూ ఇప్పుడూ ముందున్నది భారతదేశమే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మనం దాన్ని చులకన చేశాం. ఆ ఇంజన్ల దగ్గర మాత్రం దానికి సాటి వచ్చే నూనె లేదు.

కుడికి తిప్పితే కిందికి

పప్ తర్వాత అదే సోప్‌విత్ కంపెనీ 1917లో క్యామెల్ అనే ఫైటర్‌ను తెచ్చింది. వీటిలో ఎక్కువవాటికి బిగించింది 130 అశ్వశక్తి క్లెర్జే రోటరీ ఇంజను. దాని బరువు మొత్తం విమానం బరువులో దాదాపు నాలుగో వంతు. ఆ బరువంతా విమానం ముక్కు దగ్గర గిరగిరా తిరుగుతుంటుంది.

తిరుగుతున్న బొంగరాన్ని వేలితో పక్కకు నెడితే అది నెట్టిన వైపు పడదు, దానికి లంబంగా మరో వైపు వాలుతుంది. క్యామెల్ చేసేదీ అదే. పైలట్ కూర్చున్న చోటు నుంచి చూస్తే ఇంజను గడియారం ముళ్లు తిరిగే దిశలో తిరుగుతుంది. విమానాన్ని కుడికి తిప్పితే ముక్కు కిందికి దిగుతుంది. ఎడమకు తిప్పితే ముక్కు పైకి లేస్తుంది. రెండు మలుపుల్లోనూ ఎడమ రడ్డరే తొక్కాలి. తెలిసినవాడి చేతిలో ఇది ఆయుధం. కుడివైపు చటుక్కున తిరిగి శత్రువు గురి తప్పించవచ్చు. కొత్తవాడి చేతిలో మాత్రం ప్రమాదం. నేలకు దగ్గరగా కుడికి తిరగబోయి, ముక్కు పడిపోయి, సుడి తిరుగుతూ నేలను తాకి చనిపోయిన శిక్షణ పైలట్లు చాలామంది.

ఈ సంగతి పుస్తకంలో సూత్రంగా చదవవచ్చు. హ్యాంగర్లో నిలబెట్టిన క్యామెల్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా కనబడదు. అది గాల్లో ఎడమకు తిరిగేటప్పుడూ కుడికి తిరిగేటప్పుడూ ముక్కు ఎటు పోతోందో గమనిస్తే అప్పుడు అర్థమవుతుంది.

ఆగి ఆగి మోగే ఇంజను

రోటరీ విమానం దిగడానికి వస్తుంటే వినిపించే శబ్దం విచిత్రంగా ఉంటుంది. బుర్రుమని మోగి, ఒక్క క్షణం మూగబోయి, మళ్లీ బుర్రుమంటుంది. కొత్తవాళ్లు ఇంజను చెడిపోయిందనుకుంటారు. నిజానికి మన కార్లలో లాగా ఈ ఇంజన్లకు నమ్మకమైన యాక్సిలరేటర్ లేదు. పెట్రోలుకు ఒక మీట, గాలికి ఒక మీట. ఎత్తు మారినకొద్దీ రెండింటినీ సర్దుతూ ఉండాలి. పొరపాటున మిశ్రమం తేడా వస్తే ఇంజను ఆగిపోతుంది. అందుకే వేగం తగ్గించడానికి పైలట్ కంట్రోల్ కర్ర మీది బొత్తాం నొక్కి నిప్పురవ్వ ఆపేస్తాడు, వదిలి మళ్లీ అందిస్తాడు. బొత్తాం నొక్కినంతసేపూ పెట్రోలు మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. ఎక్కువసేపు నొక్కి ఉంచితే మండని ఇంధనం పోగై, మళ్లీ నిప్పు తగలగానే అంటుకునే ప్రమాదం ఉంది.

బ్రేకులు లేవు. తోక కింద చక్రం లేదు, నేలను గీరుకుంటూ పోయే చెక్క ముక్క ఉంటుంది. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో నేలకు దిగే ఇంత తేలికైన విమానానికి పక్కగాలి పెద్ద శత్రువు. ఆనాటి విమానాశ్రయాలు ఇరుకైన రన్‌వేలు కాకుండా విశాలమైన పచ్చిక మైదానాలుగా ఉండడానికి కారణం ఇదే. గాలి ఎటు వీస్తే అటు ఎదురుగా దిగవచ్చు. దిగాక రెక్కల చివర్లు పట్టుకోవడానికి మనుషులు పరుగెత్తుకొస్తారు. 1917 ఆగస్టు 2న ఎడ్విన్ డన్నింగ్ కదులుతున్న ఓడ మీద మొట్టమొదటిసారి విమానం దించినప్పుడు అది పప్ విమానమే, దాన్ని ఆపింది కూడా డెక్ మీది నావికుల చేతులే. ఐదు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తూ అతను సముద్రంలో పడి చనిపోయాడు.

ఓల్డ్ వార్డెన్‌లో అతి పాత విమానాలను సాయంత్రం గాలి దాదాపు పడిపోయాకే బయటికి తీస్తారు. 25 అశ్వశక్తి ఇంజనున్న బ్లేరియో నేల నుంచి కాస్త లేచి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా వెళ్లి దిగుతుంది, అంతే. అసలు ఇంజనుతోనే ఇప్పటికీ ఎగరగల విమానాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది అదేనంటారు. గాలి వీస్తే ఆ రోజుకు ప్రదర్శన లేనట్టే.

నిజాం పేరున్న విమానాలు

రోటరీ ఇంజను తన హద్దును తానే కొని తెచ్చుకుంది. సిలిండర్లు గాలిని చీల్చుకుంటూ తిరగడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. చుట్లు రెట్టింపు చేస్తే ఆ వృథా ఎనిమిది రెట్లవుతుంది. ఒక దశ దాటాక ఎంత పెట్రోలు పోసినా సిలిండర్లను తిప్పుకోవడానికే సరిపోతుంది. 1918 నాటికి నీటితో చల్లబరిచే, సిలిండర్లు కదలని ఇంజన్లే పైచేయి సాధించాయి.

అలాంటి విమానాల్లో డీహెచ్ 9ఏ బాంబర్ ఒకటి. 400 అశ్వశక్తి అమెరికన్ లిబర్టీ ఇంజను దానిది. ఆ విమానాలను మొట్టమొదట అందుకున్న బ్రిటిష్ దళం 110వ స్క్వాడ్రన్. దానికి కావలసిన విమానాల ఖర్చు పెట్టుకున్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ప్రతి విమానం మీదా ఇది హైదరాబాద్ నిజాం బహూకరించినదని రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 నంబరు విమానం 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువుల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో చేరి, రెండో యుద్ధంలో పోలండ్‌కు తరలి, క్రాకోవ్‌లో చాలాకాలం పడి ఉండి, 1977లో బ్రిటన్‌కు తిరిగొచ్చింది. లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో దాన్నిప్పుడు చూడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నదే. దాని చిహ్నంలో కనిపించేది నిజాం తలపాగా.

ఇత్తడి బిళ్ల చేసిన మేలు

రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్లు స్పిట్‌ఫైర్, హరికేన్‌లకు ప్రాణం రోల్స్ రాయిస్ మెర్లిన్. 12 సిలిండర్లు, 27 లీటర్ల ఇంజను. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 6 వేల మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో సగం మాత్రమే. గాలి సగమైతే మండేదీ సగమే. అందుకే మెర్లిన్‌కు సూపర్‌చార్జర్ అనే పంకా బిగించి, గాలిని నొక్కి లోపలికి పంపారు. మరీ నొక్కితే పెట్రోలు సమయానికి ముందే భళ్లున మండి పిస్టన్లను దెబ్బతీస్తుంది. 1940లో 100 ఆక్టేన్ పెట్రోలు అందుబాటులోకి రావడంతో ఆ భయం తగ్గి, అదే ఇంజను నుంచి రమారమి 1,030 బదులు 1,300 అశ్వశక్తి లాగగలిగారు.

ఇంత మేటి ఇంజనుకూ ఒక బలహీనత. పైలట్ కర్రను ముందుకు తోసి ఒక్కసారిగా ముక్కు దించితే, కార్బురేటర్లోని పెట్రోలు తేలిపోయి పైకి చేరుతుంది. మొదట ఇంజనుకు ఇంధనం అందక తడబడుతుంది. ఆ వెంటనే లోపలి తేలుడు బిళ్ల స్థానం తప్పి, పంపు ఆపకుండా పెట్రోలు తోసి, ఇంజను ముంచేస్తుంది. జర్మన్ మెసర్‌ష్మిట్‌ 109లో పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉండడంతో దానికి ఈ బాధ లేదు. తప్పించుకోవాలంటే జర్మన్ పైలట్ ముక్కు కిందికి దించితే చాలు. వెంటాడే బ్రిటిష్ పైలట్ ముందు విమానాన్ని బోర్లా తిప్పి, తర్వాత డైవ్ చేయాల్సి వచ్చేది. ఈలోగా వాడు చేజారిపోయేవాడు.

దీనికి 1941 మొదట్లో మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో ఇంజినీరు, మోటార్ సైకిల్ పందేల్లో గంటకు 100 మైళ్లు దాటి ల్యాప్ పూర్తిచేసిన రైడర్. ఆమె చేసిన పరికరం మధ్యలో రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్క. ఇంజను పూర్తి శక్తితో నడిచేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో ఆ రంధ్రం గుండా అంతే వెళ్తుంది, ఒక్క చుక్క ఎక్కువ పోదు. కాబట్టి ఇంజను మునిగిపోదు. ఇంజను విప్పకుండానే బిగించవచ్చు కనుక తన బృందంతో ఎయిర్‌ఫీల్డులు తిరుగుతూ స్వయంగా అమర్చింది. పూర్తి పరిష్కారం కొత్త రకం కార్బురేటర్లతో తర్వాత వచ్చింది. యుద్ధం గడవడానికి మాత్రం అప్పటికి ఈ బిళ్లే దిక్కయింది.

ప్రదర్శనలో స్పిట్‌ఫైర్ బయల్దేరే తీరు కూడా గమనించదగ్గది. పొడవాటి ముక్కు అడ్డమై పైలట్‌కు ఎదురుగా ఏమీ కనబడదు. అందుకే పాములా మెలికలు తిరుగుతూ, పక్కల నుంచి దారి చూసుకుంటూ వెళ్తాడు. ఎక్కడా ఆగి కబుర్లు చెప్పుకోవడానికి లేదు. రేడియేటరు రెక్క కింద ఉంటుంది. ప్రొపెల్లర్ గాలి దానికి సరిగా తగలదు, పైగా కిందికి దిగి ఉన్న చక్రపు కాలు కొంత అడ్డు. నేల మీద కొన్ని నిమిషాలు ఆగితే ఇంజను మరిగిపోతుంది. గాల్లోకి వెళ్లి, చక్రాలు ముడుచుకున్నాకే దానికి ఊపిరాడుతుంది.

కాశీలో దొరికిన హరికేన్

పాత విమానాన్ని బతికించడమంటే ఏమిటో ఆర్4118 నంబరు హరికేన్ చెబుతుంది. 1940లో లండన్ దక్షిణాన క్రాయిడన్ నుంచి 605వ స్క్వాడ్రన్‌తో ఎగిరి, బ్రిటన్ యుద్ధంలో 49 సార్లు గాల్లోకి లేచింది. తర్వాత శిక్షణకు మళ్లి, ఓడెక్కి ఇండియాకు వచ్చింది. 1947లో ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పడానికి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చేరింది. 1982లో దాన్ని గుర్తించిన బ్రిటిష్ విమాన ప్రేమికుడు పీటర్ వేచర్ పట్టువదలకుండా ప్రయత్నించి, 2001లో సొంత దేశానికి తీసుకెళ్లాడు. 2004 డిసెంబరులో అది మళ్లీ ఎగిరింది. తర్వాతి కాలంలో ఓల్డ్ వార్డెన్ ఆకాశంలోనూ కనిపించింది.

హరికేన్ ఎముకలు ఉక్కు గొట్టాలు, వెనక సగం చర్మం బట్ట. తూటా తగిలితే ఆ బట్టకు చిల్లు పడేది తప్ప చట్రం చెదిరేది కాదు. ఫీల్డులోనే అతికి పంపేవారు. దశాబ్దాల తర్వాత దాన్ని బాగుచేయాలంటే గొట్టాలను ఆనాటి పద్ధతిలో కలపాలి, చెక్క పక్కటెముకలు కొత్తగా చెక్కాలి, బట్ట కుట్టాలి, డోప్ పూయాలి. ఇవేవీ నేటి విమాన ఫ్యాక్టరీల్లో నేర్పే పనులు కావు. పాత విమానం ఎగిరే చోట మాత్రమే ఈ వృత్తులు మిగిలాయి. పెద్ద ఇంజన్లు స్టార్ట్ చేయడానికి 1917 ప్రాంతంలో వాడిన హక్స్ స్టార్టర్ అనే ఫోర్డ్ బండి షటిల్‌వర్త్‌లో ఇప్పటికీ పనిచేస్తుంది. బండి ఇంజను నుంచి వచ్చే కడ్డీని ప్రొపెల్లర్ మధ్యలో తగిలించి తిప్పుతారు. దాన్ని వాడే మెళకువ చూసి నేర్చుకోవాల్సిందే, చదివితే రాదు.

ఎగరేయాలా, నిలబెట్టాలా?

ఇక్కడే అసలు చిక్కు. ఎగిరిన ప్రతిసారీ లోహం కొంత అలసిపోతుంది, ఒరిజినల్ భాగం అరిగి దాని చోట కొత్తది వస్తుంది. చివరికి మిగిలేది పాత విమానమా, దాని నమూనానా అనే ప్రశ్న మ్యూజియం వర్గాల్లో ఎప్పుడూ ఉన్నదే. మనుషుల ప్రాణాల ప్రశ్న అంతకన్నా పెద్దది. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో హాకర్ హంటర్ జెట్ విన్యాసం చేస్తూ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రదర్శనల నిబంధనలు బిగించారు. 2022 నవంబరు 12న అమెరికాలోని డాలస్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17, పీ-63 విమానాలు గాల్లో ఢీకొని ఆరుగురు మరణించారు. అందుకే ఇప్పటి పైలట్లు ఈ విమానాలను యుద్ధకాలంలో తిప్పినంత కఠినంగా తిప్పరు. వేగానికీ మలుపుకూ గీతలు గీసుకుని, వాటికి లోపలే ఎగరేస్తారు.

మన దగ్గర ఎక్కువగా నిలబెట్టే పద్ధతే. విశాఖ బీచ్ రోడ్డులో 2017లో ప్రజలకు తెరిచిన టీయూ-142 మ్యూజియంలో నావికాదళపు భారీ నిఘా విమానం లోపలికి వెళ్లి చూడవచ్చు. దాని ఇంజన్లు మాత్రం ఇక మోగవు. భారత వైమానిక దళం వింటేజ్ ఫ్లైట్‌లో టైగర్ మాత్, హార్వర్డ్‌తో పాటు, బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో తెచ్చిన ‘పరశురామ’ అనే డకోటా రవాణా విమానం ఉంది. 1947 అక్టోబరులో శ్రీనగర్‌కు సైనికులను చేరవేసింది డకోటాలే.

రెండు పద్ధతులూ కావాలి. నిజాం ఇచ్చిన ఎఫ్1010 లాంటిది మరొకటి దొరకదు. దాన్ని ఎగరేసి పోగొట్టుకునే హక్కు ఎవరికీ లేదు. దాని మీది రాత, రంగు, అతుకులే అది చెప్పే చరిత్ర. రోటరీ ఇంజను సంగతి వేరు. డ్రాయింగులన్నీ భద్రంగా ఉన్నా, పెట్రోలు మీటను ఎంత జరపాలో, ఏ శబ్దం వస్తే ఇంజను ఆగబోతోందో, కుడి మలుపులో ఎడమ కాలు ఎంత నొక్కాలో ఏ కాగితం మీదా లేదు. తెలిసిన పైలట్ తెలియని పైలట్‌కు చూపిస్తేనే అది వస్తుంది. ఒక తరం ఎగరేయడం మానేస్తే, విమానం చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని నడిపే విద్య పోతుంది. తొమ్మిది సిలిండర్లనూ గాజు పెట్టెలో పెట్టి కాపాడుకోవచ్చు. వాటిని తిప్పడం వచ్చిన మనిషిని కాపాడుకోవాలంటే మాత్రం అప్పుడప్పుడూ ఆముదం పోసి తిప్పనివ్వాల్సిందే.